లెక్కల్లో తప్పినవాళ్లు

నవనీతకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: గుంపులో బిడ్డ చెయ్యి జారిపోతుందని. ఆమె పాముకు భయపడదు, పిడుగుకు భయపడదు, ఆఖరికి ఆడబిడ్డకు కూడా భయపడదు. కానీ సంతలోనో, బస్టాండులోనో, పెండ్లి భోజనాల బంతిలోనో పదిమంది కనిపించారంటే చాలు, ఆమె అయిదు వేళ్లూ తన్విక మణికట్టు మీద పడతాయి. ఆ పిల్ల కుడి చేతికి గాజులు నిలవవు. తల్లి పిడికిలిలోనే చిట్లిపోతాయి.

అలాంటి మనిషి, పిల్లలను తప్పించడానికే ప్రత్యేకంగా కట్టిన చోటికి, తన కాళ్లతో తానే నడిచి వెళ్లింది. వరుసలో నిలబడి మరీ వెళ్లింది.

అంతా రెండు పాసుల వల్ల వచ్చింది. నవనీత పెనిమిటి శ్రీశైలం చౌటుప్పల్‌లో కారు కిరాయికి తోలుతాడు. ఆయన కారెక్కిన ఎవరో, తమ దగ్గర మిగిలిపోయిన రెండు పాసులు చేతిలో పెట్టి దిగిపోయారు. వెండివెన్నెల చిత్రనగరం పాసులు అవి. సినిమాల కోసం వేసిన సెట్టింగులు కూల్చకుండా ఉంచి, మధ్యమధ్య రంగులరాట్నాలు పెట్టి, జనానికి చూపించే చోటు అది. ఒకటో తరగతి చదువుతున్న తన్విక ఆ పాసులను రెండు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఇక వెళ్లక తప్పలేదు.

బయలుదేరే ముందు నవనీత చేయవలసిన ఏర్పాట్లన్నీ చేసింది. శ్రీశైలం ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో బిడ్డ ఎడమ చేతి మీద రాసింది. చెమటకు చెరుగుతుందేమోనని కుడి చేతి మీద రాసింది. రెండూ చెరిగితే? పొట్ట మీద రాసింది. గౌను అంచు లోపల ఎర్ర దారంతో కుట్టింది. బూటులో ఒక చీటీ పెట్టింది.

"బిడ్డను తోల్కపోతున్నవా, పార్సిల్ ఏస్తున్నవా?" అన్నాడు శ్రీశైలం.

ఆమె పట్టించుకోలేదు. కారులో పాఠం మొదలుపెట్టింది.

"తప్పిపోతే ఏం జెయ్యాలె?"

"ఉరుకొద్దు. ఏడ్వొద్దు. యూనిఫాం ఏసుకున్నోళ్ల కాడికి పోయి చెప్పాలె."

"ఏమని?"

"మా మమ్మీ తప్పిపోయిందని."

నవనీత నెత్తి కొట్టుకుంది. "నేను గాదే! నువ్వు తప్పిపోయినవని చెప్పాలె."

"నేను నా కాడనే ఉంట గద మమ్మీ," అంది తన్విక.

శ్రీశైలం పగలబడి నవ్వి, ఇద్దరినీ గేటు దగ్గర దింపి, సాయంత్రం ఆరింటికి అక్కడే ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు.

గేటులో ఫోన్లు తీసుకుని టోకెను ఇచ్చారు. లోపల దృశ్యాలను ఎవరూ రహస్యంగా చిత్రీకరించకూడదట. ఫోను పోగానే నవనీతకు సగం ప్రాణం పోయింది. మిగిలిన సగంతో బిడ్డ చెయ్యి పట్టుకుని తిరిగింది. రైల్వేస్టేషను చూశారు, రైలు కదలదు. కోర్టు చూశారు, ముందు గోడే ఉంది, వెనక వెదురు బొంగులు. ఆసుపత్రి చూశారు, అది కోర్టుకు వెనక వైపే. ప్రతిచోటా నవనీత "పైలం బిడ్డా, పైలం" అంటూనే ఉంది. తన్విక లెక్కపెట్టి "మమ్మీ, ఫార్టీ సెవెన్ టైమ్స్ పైలమన్నవ్" అంది.

అప్పుడు కనిపించింది పెద్ద కమాను. దాని మీద "జాతర" అని గజమెత్తు అక్షరాలు. కింద చిన్న అక్షరాలతో ఇంకా ఏదో నాలుగు వరుసలు రాసి ఉంది. చిన్న అక్షరాలు చదివే ఓపిక నవనీతకు ఎప్పుడూ లేదు. జాతరంటే ఆమెకు గాజులు, పేలాలు, పిల్లనగ్రోవులు. పాత సినిమాల్లో జాతర దేనికి వస్తుందో, ప్రతి సినిమాకూ ముక్కు చీది ఏడ్చిన ఆ మనిషికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

లోపల గాజుల బండి ఉంది. గాజులన్నీ జిగురుతో అంటించి ఉన్నాయి. ఇదేదో తేడాగా ఉందే అనుకునేలోపు డప్పులు మోగాయి. నాలుగు వైపుల నుంచీ రెండు వందల మంది తలపాగాలతో, పసుపు చీరలతో ఉరికి వచ్చారు. తెల్లటి పొగ కమ్ముకుంది. నవనీత కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, చేతిలోని మణికట్టును ఉడుంపట్టు పట్టింది. మధ్యలో ఎవరో ఒకసారి ఆ పట్టు విడిపించారు. ఆమె వెంటనే మళ్లీ అందుకుంది. పొగ తేలిపోయాక చూస్తే తాను పట్టుకున్నది, పసుపు చీర కట్టి చేతినిండా గాజులు తొడుక్కున్న ఒక మీసాల పెద్దమనిషి మణికట్టు.

"ఇడువమ్మా," అన్నాడాయన దీనంగా. "గాజులిరిగితే మా జీతంల కోస్తరు."

అప్పుడే కంఠానికి బిళ్ల వేలాడదీసుకున్న ఒక యువకుడు ఎదురొచ్చి నమస్కరించాడు. "శుభాకాంక్షలు మేడం! తమ వియోగం విజయవంతంగా సంపన్నమైనది."

"నా బిడ్డేది?"

"ఒకటవ రీలులో కుటుంబం విడిపోవుట, చివరి రీలులో కలియుట అనే మన ఘన సంప్రదాయాన్ని సామాన్యులకు కూడా అందుబాటులోకి తెచ్చే పథకం ఇది. విడదీయుట మా విభాగం బాధ్యత. ఈ సంవత్సరం నూటికి నూరు శాతం లక్ష్యం సాధించాము."

"కలిపేటోళ్లు ఏరి?"

"అది పునస్సమాగమ విభాగం, మేడం. దాని టెండరు వేరు. వారి పనితీరుపై వ్యాఖ్యానించుట మాకు తగదు," అని ఆయన తగిన రీతిలో నిట్టూర్చాడు.

నవనీత ఉరికింది. ఉరకవద్దని బిడ్డకు చెప్పిన తల్లి ఉరికింది. ఏడవవద్దని చెప్పిన తల్లి ఏడ్చింది. యూనిఫాం వేసుకున్న ఏడుగురిని దాటుకుంటూ, వాళ్లలో ఒక్కరినీ అడగకుండా, కోర్టు చుట్టూ మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి కోర్టు వెనక చెప్పు తెగి పడినప్పుడు ఎదురుగా ఒక బోర్డు కనిపించింది: "పునస్సమాగమ విభాగము. వరుసలో రావలెను."

వరుసలో పదకొండు మంది తల్లులు, అయిదుగురు తండ్రులు, ఒక మేనత్త. నవనీత వంతు వచ్చేసరికి కిటికీలో గుమాస్తా తల ఎత్తకుండా కాగితం తీశాడు. ఆ ఫారం ఏ కచేరీ కోసం అచ్చు వేయించిందో కానీ, పారేయడం ఇష్టంలేక ఇక్కడ వాడుతున్నారు.

"పేరు?"

"నవనీత."

"వయస్సు?"

"ఇరవై ఆరు సార్."

"చదువు?"

రేషన్ కార్డు దగ్గర, బ్యాంకులో, బిడ్డ బడిలో, ఎక్కడికి పోయినా ఈ ప్రశ్న నవనీత కోసం కాచుకుని ఉంటుంది. "పది సార్," అంది నెమ్మదిగా.

"తప్పినదా?" అన్నాడు గుమాస్తా.

తప్పిపోయినది మీ మనిషేనా అని ఆయన ఉద్దేశం. కానీ పరీక్ష పోయిన పిల్లను "పది తప్పింది" అనే ఊరు నవనీతది. తొమ్మిదేళ్లుగా ఆ మాట వింటే ఆమె తల దానంతటదే వంగిపోతుంది. ఇప్పుడూ వంగింది.

"ఔ సార్. తప్పిన."

"మీరా?"

"నేనే సార్."

"ఎక్కడ?"

"లెక్కల్ల."

గుమాస్తా "స్థలం: లెక్కల" అని రాసుకున్నాడు. ఆ పేరుతో ఏ సెట్టింగు ఉందో ఆయనకు తట్టలేదు. కొత్తది వేసి ఉంటారనుకున్నాడు. తరువాతి గడి పుట్టుమచ్చలు, గాయాల గుర్తులకు సంబంధించినది.

"మార్కులు?"

"ముప్పై రెండు."

గుమాస్తా మొదటిసారి తల ఎత్తాడు. "ముప్పై రెండా?"

"ఇంక మూడుంటే గట్టెక్కేదాన్ని సార్," అంటూ నవనీత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మల్ల రాస్త అన్న. గంతల్నే పెండ్లి జేసిండ్రు."

ఆయన ఆమెను ఎగాదిగా గౌరవంగా చూసి, రాసి, ముద్ర వేశాడు. "లోపల కూర్చోండి. మీ కోసం ఎవరైనా వస్తే పిలుస్తాము."

"నా కోసం ఏంది సార్? నా బిడ్డ తప్పిపోయింది!"

"తమరు తప్పినట్లు తమరే ఒప్పుకుని ఉన్నారు. నిబంధన పద్నాలుగు: తప్పినవారు వెతకబడవలెను, వెతకరాదు. ఇద్దరూ వెతికినచో ఇద్దరూ కదులుతూ ఉందురు."

"అయ్యో, అది చదువు ముచ్చట సార్! పరీక్ష తప్పిన అన్న!"

"దిద్దుబాటుకు వేరే దరఖాస్తు కలదు. దానిని తప్పిపోని వారు మాత్రమే పెట్టవలెను. తరువాత ఎవరు?"

ఇంకొకరైతే కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ కాగితం లాగి చింపేవారు. నవనీతకు ముద్ర వేసిన కాగితమంటే మొదటి నుంచీ దడ. బోర్డు పరీక్షల వాళ్లు పంపిందీ ముద్ర వేసిన కాగితమే. ఆమె నోరు మూసుకుని లోపలికి నడిచింది.

లోపల పొడవాటి గదిలో బల్లలు ఉన్నాయి. తలుపు బార్లా తెరిచే ఉంది. మూల బల్ల మీద తెల్ల చొక్కా వేసుకున్న ఒక యాభై ఏళ్ల మనిషి, జేబులో ఎర్ర పెన్నుతో, గోడ మీది నిబంధనల పట్టికను శ్రద్ధగా చదువుతున్నాడు.

"పద్నాలుగో నిబంధనల ఒక దీర్ఘం ఎక్కువ పడ్డది," అన్నాడు ఆయన నవనీతతో. "చెప్పిన. దిద్దుతమన్నరు. నా పేరు పూర్ణాచారి. అచ్చంపేట అవతల సర్కారు బడిల తెలుగు సారును. మీరెప్పుడొచ్చిండ్రమ్మా?"

"ఇప్పుడే సారు. మీరు?"

"మంగళవారం."

ఆ రోజు శనివారం.

"నలభై రెండు మంది పిల్లల్ని తోల్కొచ్చిన," అని సారు చెప్పసాగాడు. "అందర్నీ తప్పించిండ్రు, అందర్నీ కలిపిండ్రు. సాయంత్రం బస్సు మెట్టు కాడ నిలవడి, ఒక్కొక్కర్ని లెక్కవెట్టి ఎక్కించిన. నలభై రెండు. సరిపోయింది. 'అందరెక్కిండ్రు, పోనీ' అని కేకేసిన. డ్రైవరు పోనిచ్చిండు. నేను కిందనే ఉన్న." ఆయన ఎవరి మీదా కోపం లేకుండా నవ్వాడు. "మీరు లెక్కల్ల తప్పిన్నని కిటికీ కాడ అంటుంటే ఇనవడ్డది, నేను గూడ గంతే."

"మల్ల ఎవలు రాలేదా?"

"టికెట్టు నా పేరు మీద తీసిండ్రు. టికెట్టున్నోళ్లే ఫిర్యాదు ఇయ్యాలె. నేను తప్పిన్నాయె, ఇయ్యరాదు. ఫోను టోకెను క్లాసు లీడరు జేబుల ఉండిపాయె. బడిల అడుగుతరు, ఎంతమంది పోయిండ్రు, ఎంతమంది వచ్చిండ్రు అని. నలభై రెండు, నలభై రెండు. రిజిస్టరు మంచిగున్నది."

"ఇంట్ల సారు?"

"ఏదో సర్వే డ్యూటీ ఏసిండ్రు అనుకుంటరు. పోయినసారి ఎన్నికల డ్యూటీ పడ్డప్పుడు గూడ ఆరు దినాలు నన్నెవలు అడగలే."

"తలుపు తెరిచే ఉన్నది గద సారు. నడిచి పోరాదు?"

పూర్ణాచారి సారు ఆమెను బడి పిల్లను చూసినట్లు చూశాడు. "పర్మిషన్ లేంది తరగతి దాటొద్దని ఇరవై ఆరేండ్లు పిల్లలకు చెప్పిన అమ్మా."

ఇంతలో పునస్సమాగమ అధికారి మార్తాండరావు గారు లోపలికి వచ్చారు. మెడలో ఈల, చంకలో ఫైలు, కళ్లకు నల్ల అద్దాలు. ఫైలు తెరిచి గొంతు సవరించుకున్నారు.

"తల్లి తప్పిపోయినదని ఈ పూట పిల్లల నుండి పందొమ్మిది ఫిర్యాదులు అందినవి. తప్పిన తల్లి పేరు అను గడిలో పందొమ్మిదింటిలోనూ 'మమ్మీ' అని వ్రాయబడి ఉన్నది. కావున ఆనవాళ్లు మాత్రమే శరణ్యం. నవనీత గారూ, తమకు కుటుంబ గీతం కలదా?"

"లేదు సార్."

"చెరిసగం చేసుకున్న బిళ్ల? చేతి మీద పచ్చబొట్టు? ఏమీ లేకుండా జాతరకు ఎట్లు వచ్చితిరి?" అని ఆయన బాధపడ్డారు. అంతలో ఒక కాగితం దగ్గర ఆగారు. "ఆహా! తన్విక, ఒకటవ తరగతి బి. 'మీ తల్లికి ఎన్ని మార్కులు' అని అడుగగా, 'థర్టీ టూ' అని చెప్పినది. తమ రికార్డులో కూడా ముప్పై రెండు!"

నవనీత లేచి నిలబడింది. బిడ్డకు కూడికలు చెప్పే ప్రతి సాయంత్రం "నాలెక్క ముప్పై రెండు కాడ ఆగకు బిడ్డా" అంటూనే ఉంటుంది కదా, అదెక్కడికి పోతుంది? "నా బిడ్డే సార్! ఏది? ఏడ్వలేదు గద?"

"ఏడ్వలేదు. వరుసలో మొదటగా వచ్చి ఫిర్యాదు ఇచ్చి, చెక్కిలి మీద స్టారు కూడా వేయించుకున్నది. తొందర వలదు. ముందు భౌతిక తనిఖీ."

ఒక ఆడమనిషి వచ్చి నవనీతను తెర వెనక్కి తీసుకుపోయి తనిఖీ చేసింది. గడ్డం మీద ఒక పుట్టుమచ్చ. మోచేతి దగ్గర బజ్జీల నూనె చిందిన మచ్చ. మొత్తం రెండు.

"ముప్పై లోటు," అన్నారు మార్తాండరావు గారు గంభీరంగా.

"సార్, కాగితంల తప్పు పడ్డది, నేను చెప్తనే ఉన్న..."

"అమ్మా, కాగితంపై ముద్ర కలదు. తమ శరీరంపై కలదా? లేదు. రెండింటిలో దేనిని సవరించుట సులభము?"

మేకప్ మనిషిని పిలిపించారు. ఆయన నల్ల పెన్సిలు తీసి, "ఎక్కడెక్కడ పెట్టమంటరు సార్?" అని అడిగి, నవనీత నుదుటి మీద, చెంపల మీద, మెడ మీద, రెండు చేతుల మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఆమె కదలకుండా కూర్చుంది. అవతలి గదిలో బిడ్డ ఉంది. ఆ సమయాన కొమ్ములు పెట్టుకుని ఆవులా అరవమన్నా ఆమె అరిచేదే. ఆమె వణుకంతా ఒకటే: ఈ మొహం చూసి పిల్ల, మా మమ్మీ కాదంటే?

పునస్సమాగమ మండపంలో ఒక చివర నవనీత, ఇంకో చివర తన్విక. మధ్యలో పెద్ద ఫ్యాను, రెండు బుట్టల కాగితం పూలు. ఈల మోగగానే నవనీత ప్రాణం పెట్టి ఉరికింది. "కట్!" అన్నారు మార్తాండరావు గారు. "పూలు ఇంకా పడలేదు. నెమ్మదిగా, తేలుతున్నట్లు రావలెను." రెండోసారి తేలింది. తెగిన చెప్పు వల్ల ఒక కాలే తేలింది. బిడ్డకు రెండు అడుగుల దూరంలో ఆపేశారు.

తన్విక కళ్లు పెద్దవి చేసి చూసింది. "మమ్మీ, దోమలు కుట్టినయా?"

"ముట్టరాదు," అన్నారు అధికారి. "పాపా, ముందు లెక్క చూచి ధ్రువీకరించుము."

తన్విక చాలా బాధ్యతగా లెక్కపెట్టింది. చెంపలు, మెడ, చేతులు. ఒక చుక్క దగ్గర ఆగి, అది నూనె మచ్చ అని గుర్తుపట్టి, అదీ కలిపింది. చివరికి పెదవి విరిచింది. "థర్టీ వన్."

మార్తాండరావు గారు నల్ల అద్దాలు తీశారు. "ముప్పై ఒకటియే అయినచో, ఈమె వేరొక తల్లి అగును."

మేకప్ మనిషి నేల చూపులు చూశాడు. ఆయనా లెక్కల్లో అంతంతమాత్రమే అనుకుంటాను.

"ఆగుండ్రి అంకుల్," అంది తన్విక. మునివేళ్ల మీద లేచి తల్లి నుదుటి మీద వేలు పెట్టింది. "బొట్టు లెక్కవెట్టలే. థర్టీ టూ."

అధికారి చప్పట్లు కొట్టారు. పూలు పడ్డాయి. నవనీత బిడ్డను ఎంత గట్టిగా హత్తుకుందంటే, పదిహేను చుక్కలు బిడ్డ గౌనుకు అంటుకున్నాయి. తరువాత రసీదు రాశారు: "తప్పిన తల్లి ఒకటి, నడువగల స్థితిలో, ముట్టినది." తన్విక దాని కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో పేరు, తరగతి, సెక్షను రాసింది. రాసి, తల్లి మణికట్టు పట్టుకుంది. "గట్టిగ పట్టుకో మమ్మీ. మల్ల ఉరుకకు."

బయటికి పోవాలంటే నిరీక్షణ గదిలో నుంచే దారి. పూర్ణాచారి సారు లేచి నిలబడి, "దొరికిందా బిడ్డ? శానా సంతోషం," అన్నాడు. ఆయన మెడలో కాగితం పూలదండ ఉంది. నాలుగు గంటల ఆటలో తప్పిపోయిన తండ్రి వేషం తనకే ఇస్తున్నారట, భోజనం వాళ్లదేనట.

"ఈ తాత ఎవరి తాత?" అంది తన్విక. "మనం తోల్కపోదామా?"

"పాప ఫిర్యాదులో ఒకరే తప్పినారు," అన్నారు మార్తాండరావు గారు వెనక నుంచి. "అదనముగా దొరికినవారిని ఇచ్చు నిబంధన లేదు. ఈయన తమకు ఏమగును?"

సమాధానం రెండు మాటలు. "మా సారు" అంటే సరిపోయేది కావచ్చు. నవనీత నోరు తెరిచింది కూడా. కానీ అధికారి చేతిలో ఫారం, ఫారం పక్కన ముద్ర కనిపించాయి. మళ్లీ చదువెంత అంటాడు. మళ్లీ నేనేదో అంటాను. మళ్లీ బిడ్డ అటు, నేను ఇటు.

"ఏం గాడు సార్," అంది నవనీత.

"పొండమ్మా, బిడ్డ పైలం," అన్నాడు పూర్ణాచారి సారు, ఆమె మాట విననట్లే.

గేటు దగ్గర శ్రీశైలం ఆమె మొహం చూసి, నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల ఆనించాడు. ఆ రాత్రి చుక్కలన్నీ పోయేదాకా కొబ్బరినూనెతో రుద్దుకుంది. ఆ ఒక్క మాట మాత్రం ఎంత రుద్దినా పోలేదు. మరుసటి రోజు చిత్రనగరం నంబరుకు ఫోన్ చేసింది. "తమరు తప్పినవారా, వెతుకువారా?" అని అవతలి గొంతు మర్యాదగా అడిగింది. నవనీత ఫోను పెట్టేసింది. సారు ఊరు అచ్చంపేట అవతల అన్నాడే కానీ, ఏ అవతలో చెప్పలేదు. శ్రీశైలానికి అటువైపు కిరాయి దొరికిన రోజున ఇద్దరూ వెళ్లి అడుగుదామని అనుకుంటూనే ఉన్నారు. కిరాయిలన్నీ విమానాశ్రయం వైపే తగులుతున్నాయి.

అందుకని మీతో చెప్పమంది. మీలో ఎవరైనా అటు పోతే, జాతర వైపు పోకండి. కోర్టు వెనక్కి పోయి, నిరీక్షణ గదిలో మూల బల్ల వైపు ఒకసారి చూడండి. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఉంటే తిన్నాడో లేదో అడగండి. మీకు ఏమవుతాడని వాళ్లు అడుగుతారు. ఆలోచించకుండా "మా సారు" అనండి. బస్సు దగ్గర మాత్రం ఆయనను లెక్కపెట్టనివ్వకండి; ముందు ఆయనను ఎక్కించి, తరువాత మీరు ఎక్కండి.